పన్నెండో చెంచా

మా అమ్మమ్మని బందరులో సగంమంది మొహం మీదే ‘చెంచాల ఆయా’ అనేవాళ్ళు. మిగతా సగం మర్యాదస్తులు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అనేవాళ్ళు. ఈ రెండో రకం వాళ్ళంటేనే నాకు ఎక్కువ మంట.

నా చిన్నప్పుడే మా అమ్మ పోతే అమ్మమ్మే నన్ను పెంచింది. దాంతో ఆ పేరు నాకూ సంక్రమించింది. స్కూల్లో నన్ను ‘చెంచా’ అని పిలిచేవాళ్ళు. పెద్దవాళ్ళ వెనక తోకలా తిరిగేవాళ్ళని చెంచా అంటారు కదా, నేను ఎవరి వెనకా తిరిగే రకం కాదు. అయినా ఆ మాట నాకే అతుక్కుంది. ఒకరోజు అలా పిలిచిన పిల్ల జడ పట్టుకుని గుంజితే దాని రిబ్బను నా చేతిలోకి ఊడివచ్చింది. టీచరు నన్నే కొట్టింది. కొట్టి, “దొంగ బుద్ధులు ఎక్కడికి పోతాయి” అంది. ఇంటికొచ్చి, అసలా దొంగతనం ఏంటో చెప్పమని అమ్మమ్మ ప్రాణం తీశాను. అప్పుడు చెప్పింది, జన్మకల్లా ఒకే ఒక్కసారి, పొయ్యి మీద రొయ్యపొట్టు వేయిస్తూ, నా వైపు తిరగకుండా.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో అమ్మమ్మ బందరులో ఒక మిషను బంగళాలో ఆయా. దొరసాని పిల్లలిద్దర్నీ చంకనెత్తుకుని పెంచింది. ఆ పిల్లలు చదువులకి వాళ్ళ దేశం వెళ్ళిపోయాక, భోజనాల బల్ల మీది సామాను చూసుకునే పని ఆవిడకి అప్పజెప్పారు. ఆ సామానులో వెండి చెంచాలు ఒక డజను ఉండేవి. దొరసానికి వాళ్ళ నాయనమ్మ ఇచ్చినవట. ఒక్కోదాని కాడ చివర రెక్కలు ముడుచుకున్న చిన్న పిట్ట చెక్కి ఉండేది. శనివారం శనివారం అమ్మమ్మ వాటిని చింతపండు పులుసుతోనూ జల్లించిన పిడకల కచ్చికతోనూ తోమేది. గట్టిగా రుద్దితే పిట్ట కన్ను అరిగిపోతుందని, అక్కడ మాత్రం వేలికొసతో తోమేదట.

దొరసాని ఇక్కడి పని చాలించుకుని వెళ్ళిపోయే ముందురోజు సామానంతా పెట్టెలకెత్తారు. వెండి సామాను ఎప్పుడూ లెక్కపెట్టేది బట్లరు, ఇంగ్లీషులో. ఆ రోజు అతను పింగాణీ వరకు లెక్క చెప్పి, మంచాలు విప్పటానికి వెళ్ళాడు. చెంచాలు మిగిలాయి. దొరసాని వరండాలో కుర్చీ వేసుకుని పుస్తకంలో గీతలు గీస్తుంటే, గదిలోంచి అమ్మమ్మ ఒక్కో చెంచా పెట్టెలో పెడుతూ పైకి లెక్క చెప్పింది. వడ్రంగి మూత మీద మేకులు కొట్టాడు. పెట్టెలు బండెక్కి స్టేషనుకి పోయాయి. సాయంత్రం దొరసాని పుస్తకం తీసి చూసుకుంటే, చెంచాల దగ్గర పదకొండే గీతలున్నాయి.

దొరసాని ఏడ్చిందట. ఏడ్చి, చర్చి సంఘ పెద్దలకి చెప్పిందట. నలుగురు పెద్దలు లాంతరు పట్టుకుని అమ్మమ్మ ఇంటికొచ్చారు. బియ్యం కుండ నేల మీద బోర్లించారు. దిండు కోసి దూది పీకారు. మూడేళ్ళ మా అమ్మని నుంచోబెట్టి గౌను దులిపారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవటం కూడా అమ్మమ్మ తప్పే అయింది, అప్పుడే అమ్మేసిందన్నారు. ఒప్పుకుంటే క్షమిస్తామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ప్రభువు బల్ల నుంచి తీసేశారు. అంటే గుళ్ళో అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఆవిడకి ఇవ్వరు. మర్నాడు దొరసాని రైలెక్కింది.

“నేనే లెక్కపెట్టానే,” అంది అమ్మమ్మ మూకుడు దించుతూ. “ఒక్కోటీ పైకెత్తి, ఆవిడకి ఇనపడేట్టు గట్టిగా లెక్కపెట్టా. పన్నెండూ నా చేత్తోనే పెట్టెలో పెట్టా.”

అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాత బందరులో ఏ ఇంట్లోనూ ఆవిడకి పని ఇవ్వలేదని, గూడూరు వైపు పుట్టింటి ఊరికి నాట్లకీ కోతలకీ కూలికి వెళ్ళి మా అమ్మని పెంచిందని మిగతావాళ్ళ దగ్గర విన్నాను. మా ఇంట్లో చెంచా ఉండేది కాదు. పంచదారైనా, ఉప్పైనా ఆవిడ చేత్తోనే తీసి వేసేది. ఆదివారాలు గుడికి వెళ్ళేది కానీ లోపలికి అడుగు పెట్టేది కాదు. ప్రహరీ పక్కన సైకిళ్ళు నిలబెట్టే చోట ఒక నాపరాయి ఉండేది. దాని మీద కూచుని పాటలు, వాక్యం అన్నీ విని, బల్ల వేళకి లేచి ఇంటికొచ్చేసేది. నేను లోపల కూచునేదాన్ని. కిటికీలోంచి ఆవిడ ముడి కనపడుతుండేది. ఇంతమంది లోపల కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారే, ఒక్కరైనా కళ్ళు తెరిచి ఆ కిటికీలోంచి చూడరేం అని పళ్ళు నూరుకునేదాన్ని.

తొంభైల మొదట్లో నాకు గుడివాడలో ఎలిమెంటరీ స్కూలు టీచరు ఉద్యోగం వచ్చింది. రోజూ బందరు నుంచి పాసింజరు బండిలో వెళ్ళి రావటం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి నేను సమాధానం చెప్పను, ఇక్కడా చెప్పను.

ఒకరోజు తోటి టీచరు కూతురికి పట్టీలు కొనాలంటే తోడు వెళ్ళాను. గుడివాడ స్టేషను రోడ్డులో ఇరుకు కొట్టు. వెండి వ్యాపారి త్రాసు పక్కన పాత చెంచాలు అయిదారు గుత్తిగా తాడుతో కట్టి పడున్నాయి. వాటిని చూడగానే నా చెవులు వేడెక్కాయి.

“ఇవేంటండీ?” అన్నాను.

“కుక్క చెంచాలండీ టీచరుగారూ. దొరల కాలం నాటియ్యి. కరిగించటానికి తెచ్చిచ్చారు.”

“కుక్క చెంచాలేంటి?”

ఆయన కాడ వెనక్కి తిప్పి భూతద్దం చేతికిచ్చాడు. గోరు మీది పువ్వంత చిన్న ముద్రలు వరసగా నాలుగున్నాయి. అందులో ఒకటి నాలుగు కాళ్ళ జంతువు, ముందు కాలొకటి ఎత్తి నడుస్తోంది.

“కుక్క కాదండీ, సింహం,” అన్నాను.

“మాకు మాత్రం కుక్కేనండి. కుక్క గుర్తుందంటే నూటికి తొంభై రెండున్నర పాళ్ళు వెండి, మిగతాది రాగి. ఉత్త వెండితో చేస్తే చెంచా వంగిపోద్దని ఆళ్ళు అలా కలిపేవోళ్ళు. సరుకు మంచిదే గానీ మన జనం ఇష్టపడరు. పువ్వుల పనితనం లేదు కదండీ.”

ఆ చెంచాల మీద పిట్ట లేదు. అయినా తూకానికి కొనేశాను. నా తోటి టీచరు నాకు మతి పోయిందనుకుంది. ఆ రోజు బండిలో కూచుని నేను వేసిన లెక్క ఇది. అమ్మమ్మ తియ్యలేదు. కాబట్టి ఇంకెవడో తీశాడు. తీసినవాడు లండను పోడు, గుడివాడ దాటడు. ఆ చెంచా ఈ కృష్ణా జిల్లా లంకల్లోనో, ఈ కొట్లలోనో ఎక్కడో ఉంది. దాన్ని పట్టుకుంటే అమ్మినవాళ్ళెవరో తెలుస్తుంది. దొంగ తేలితే, దొంగ కానిది ఎవరో కూడా తేలుతుంది. అమ్మమ్మ బతికుండగానే తేలాలి. అప్పటికే ఆవిడకి డెబ్భై దాటాయి.

ఆ రోజు నుంచి పదేళ్ళు చెంచాల వేటలో పడ్డాను. ఆ వ్యాపారి మంచివాడు. పాత చెంచాలు వస్తే మూసలో వేసే ముందు నాకు చూపించేవాడు. “పిట్ట రాలేదండీ” అనేవాడు నేను కొట్టు మెట్టెక్కుతుండగానే. బందరులో పాత బంగళాల్లో పనిచేసిన వంటవాళ్ళ ఇళ్ళు, తోటమాలుల ఇళ్ళు తిరిగాను. దొరలు వెళ్ళిపోతూ ఇచ్చినవి, వేలం పాటలో కొన్నవి, ఎలా వచ్చాయో ఎవరికీ తెలియనివి, రకరకాలు. ఒక ఇంట్లో ఆవాల ముద్ద వేసుకునే బుల్లి చెంచాతో కాటుక తీస్తున్నారు. ఒక ఇంట్లో సూపు చెంచాని తులసికోటలో మట్టి తవ్వటానికి వాడుతున్నారు. చూసి కడుపు రగిలిపోయింది, అదేదో నా సొంత సొమ్మయినట్టు. ముద్రలు చదవటం నేర్చుకున్నాను. సింహం అంటే అసలు వెండి. లంగరు ఉంటే ఒక ఊరు, చిరుత తల ఉంటే ఇంకో ఊరు. పక్కనున్న అక్షరాన్ని బట్టి తయారైన సంవత్సరం. రాత్రిళ్ళు పిల్లల కాపీలు దిద్దాక అవన్నీ బల్ల మీద పరిచి చూసుకునేదాన్ని. అబద్ధం ఎందుకు, వాటి మీద మోజు కూడా పుట్టింది. కొన్నింటికి ఎడమ అంచు అరిగి ఉంటుంది, కుడిచేత్తో తిన్న మనిషి ఏళ్ళ తరబడి గిన్నె అడుగు గీకినందుకు. ఎవరో తెలియని ఆ మనిషి మీద కూడా నాకు కోపం వచ్చేది. ఎందుకో నాకే తెలియదు.

అమ్మమ్మకి మొదటిసారి చూపించినప్పుడు కళ్ళు చిట్లించి ఒక చూపు చూసింది.

“ఎందుకే ఇయ్యి?”

“ఆ పన్నెండోది దొరుకుతుందేమోనని.”

ఆవిడ చాట పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను రేకు డబ్బా తీసినప్పుడల్లా “తీసెయ్ అవతలకి” అనేది, నా మొహం చూడకుండా. పాత గాయం కదా, చూడలేకపోతోందనుకున్నాను. ఆ పిట్ట చెంచా తెచ్చి చేతిలో పెట్టినరోజు చూస్తుందిలే అనుకున్నాను.

నా అనుమానమంతా బట్లరు మీదే. అతను ఎప్పుడో చనిపోయాడు. కూతురు గుడివాడలోనే రైలు గేటు అవతల ఉంటుందని తెలిసి ఒక సాయంత్రం వెళ్ళాను. అరవై ఏళ్ళ మనిషి. నన్ను చూసి సంతోషపడింది, మా నాన్నా మీ అమ్మమ్మా ఒక చోటే పనిచేశారంటూ టీ పెట్టింది. పాత చెంచాలేమైనా ఉన్నాయా అంటే రెండు తెచ్చింది. నేను టీ పక్కన పెట్టేసి భూతద్దం తీశాను. పిట్ట లేదు.

“ఇవి ఎలా వచ్చాయి మీకు?”

“నాన్నకి దొరగారిచ్చారమ్మా.”

“ఇంకేమైనా ఉన్నాయా? అమ్మేసినవి?”

నేను ఏ గొంతుతో అడిగానో నాకు తెలుసు. మా స్కూల్లో పెన్సిలు పోయినప్పుడు పిల్లల్ని అడిగే గొంతు. ఆవిడ లేచి వంటింట్లోంచి స్టీలు డబ్బాలు ఒక్కొక్కటీ తెచ్చి నా ముందు పెట్టింది. చివర్న బియ్యం డబ్బా కూడా జరుపుకుంటూ తెచ్చి మూత తీసింది.

“చూసుకోమ్మా,” అంది. “మీ అమ్మమ్మ ఇంట్లో కూడా చూశారు కదా.”

సిగ్గుపడాల్సింది. పడలేదు. ‘నటిస్తోంది’ అనుకుంటూ స్టేషనుకి నడిచాను. నా కోపానికి అప్పుడు కళ్ళు లేవు.

అప్పటికే కొత్త శతాబ్దం వచ్చేసింది. అమ్మమ్మ చేతికి కర్ర వచ్చింది. గుడి ముందు సైకిళ్ళు తగ్గి స్కూటర్లు వచ్చాయి, లోపలి మైకు బయటికి కూడా వినపడేలా గోడకి స్పీకరు బిగించారు. నాపరాయి మాత్రం అక్కడే ఉంది, దాని మీద అమ్మమ్మ కూడా. గుడివాడ వ్యాపారి ఒకరోజు, దివిసీమలో పాలకాయతిప్ప దగ్గర చేపలవాళ్ళ ఇంట్లో మంచి దొరల చెంచా ఒకటి ఉందని, అమ్మమంటే అమ్మలేదని ఎవరో చెప్పారన్నాడు. కాడ మీద ఏదో బొమ్మ ఉందట. వేసవి సెలవుల్లో బయల్దేరాను. బందరు నుంచి అవనిగడ్డ, అక్కడి నుంచి కోడూరు, అక్కడి నుంచి ఆటో. దారంతా ఆ పిట్ట నా కళ్ళముందే ఉంది.

ఇంటి యజమానురాలు ముసలావిడ, మా అమ్మమ్మ కంటే ఓ పదేళ్ళు చిన్న. గుమ్మంలో పీతల బుట్ట పెట్టుకుని వాటి కాళ్ళు తాళ్ళతో కడుతోంది. చెంచా అనగానే లోపల్నించి గుడ్డలో చుట్టి తెచ్చింది. నేనే గుడ్డ విప్పాను. కాడ మీద ఉన్నది పిట్ట కాదు, గుల్ల బొమ్మ. వెనకాల సింహం, పక్కన లంగరు.

“ఉప్పెన పోయాక బురదలో దొరికిందమ్మా,” అందావిడ. “మా ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ దీంతోనే వస పోశా. లంగరు ఉంది కదా, నీళ్ళ మీద తిరిగేవోళ్ళకి మంచిదని. అమ్మనమ్మా, ఏమీ అనుకోకండి.”

నేను అమ్మమనలేదు. గుమ్మంలోనే చతికిలబడ్డాను. ఇంత దూరం వచ్చి నీరసపడ్డానని జాలిపడి, “పీతలు పట్టుకెళ్ళండి, డజను కట్టిస్తా” అంది. బుట్టలోంచి ఒక్కో పీత తీసి నా సంచిలో వేస్తూ లెక్కపెట్టింది.

“లాభం... రెండు... మూడు... నాలుగు...”

విననిదేమీ కాదు. చిన్నప్పుడు అమ్మమ్మ వెంట గూడూరు వైపు కళ్ళాలకి వెళ్ళినప్పుడు, కుంచంతో ధాన్యం కొలిచేవాళ్ళు ఇలాగే అనేవాళ్ళు. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు. ఇప్పుడంతా కాటాలు, బస్తాలు, ఆ మాట వినక ముప్ఫై ఏళ్ళయింది నాకు.

“పెద్దమ్మా, ఇంకోసారి మొదట్నించీ లెక్కపెట్టవా?”

ఆవిడ నన్ను అదోలా చూసి, పీతలన్నీ మళ్ళీ బుట్టలో కుమ్మరించి, మళ్ళీ మొదలుపెట్టింది. నేను వేలితో ఇసకలో గీతలు గీశాను. పుస్తకంలో చూసి తెలుగు నేర్చుకున్న దొరసాని గీసినట్టు గీశాను. అంకె వినపడితేనే గీత. ‘లాభం’ అంకె కాదు కదా, దానికి గీత లేదు. రెండు అనగానే మొదటి గీత. పన్నెండు దాకా వచ్చి ఆవిడ ఆగింది. సంచిలో పన్నెండు పీతలు కదులుతున్నాయి. ఇసకలో గీతలు లెక్కపెట్టాను. పదకొండు.

కళ్ళాల్లో పెరిగిన పిల్ల మా అమ్మమ్మ. శుభమా అని దొరసాని సామాను లెక్కపెట్టమంటే ‘ఒకటి’ అని ఎందుకంటుంది. దొరసాని పద్దెనిమిదేళ్ళు ఈ ఊళ్ళో ఉంది. బైబిలు తెలుగులో చదివేది. ఒకటి నుంచి వంద దాకా తప్పు లేకుండా అప్పజెప్పేదట. చివర్న పన్నెండు అన్న మాట చెవిన పడ్డా, సాయంత్రానికి నమ్మింది పుస్తకంలో గీతల్నే. తన పిల్లల్ని పెంచిన మనిషి ఎలా లెక్కపెడుతుందో మాత్రం ఎన్నడూ చెవి పెట్టి వినలేదు. ఒక్క మాట తెలియక ఒక మనిషి బతుకు బోర్లించి పోయింది. తిరుగు బస్సులో నా ఒళ్ళో పీతలు గోకుతున్నాయి, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆ రాత్రి అమ్మమ్మ ఇల్లు సోదా చేసిన నలుగురిలో అప్పటికి మిగిలింది ఆయనొక్కడే. అప్పట్లో అందరికంటే చిన్నవాడు, ఇప్పుడు పడక్కుర్చీలో ఎనభై ఏళ్ళ మనిషి. నేను నిలబడే చెప్పాను, లాభం సంగతి, ఇసకలో గీతల సంగతి, మొత్తం. దొరసాని గీతల పుస్తకం గుడి బీరువాలో ఉంటే చూపించమన్నాను.

ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

“అలా జరిగిందా,” అన్నాడు. “పుస్తకం ఎందుకులేమ్మా ఇప్పుడు. చెంచాలు పన్నెండూ ఉన్నాయని దొరసానిగారు రాశారుగా.”

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. “ఎవరికి రాశారండీ? ఎప్పుడు?”

“మాకేనమ్మా. ఓడ దిగి, ఇంటికెళ్ళి పెట్టె విప్పుకోగానే. వెళ్ళి ఆర్నెల్లయి ఉంటుంది.”

ఆయన కోడలు ట్రంకు పెట్టెలోంచి ఒక కవరు తెచ్చి ఇచ్చింది. పసుపుపచ్చబడిన కాగితం, ఇంగ్లీషు చేతిరాత. పన్నెండూ ఉన్నాయని, తన లెక్క ఎలా తప్పిందో తనకే అర్థం కావటం లేదని, ఆయా కాళ్ళ మీద పడి క్షమించమని అడగాలని ఉందని రాసింది. ఈ ఉత్తరం ఆయాకి చదివి చెప్పండి, సంఘంలో కూడా చదవండి అని కింద రెండుసార్లు గీత కొట్టి మరీ రాసింది. అర్ధశతాబ్దం నుంచి ఆ కాగితం మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంది.

“చెప్పలేదేమండీ?” అన్నాను.

“అప్పటికే మీ అమ్మమ్మ గుళ్ళోకి రావటం మానేసిందమ్మా. పైగా పెద్దలే తప్పు చేశారంటే సంఘం ఏమైపోద్ది? నలుగురం కూచుని ప్రార్థన చేశాం. దేవుడికి తెలుసు కదా, చాల్లే అనుకున్నాం.”

“లోపలికి రావటం మానేసింది. గుడి ముందు రాయి మీద కూచుంటోంది, యాభై ఏళ్ళుగా. మీరు చెప్పులు విప్పుకునేది ఆవిడ పక్కనే కదండీ.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన మొదలుపెడతాడేమోనని నాకు భయం వేసింది. పెట్టాడంటే ఆ పడక్కుర్చీ తిరగేసేదాన్ని. దేవుడికి తెలుసట. దేవుడికి తెలిస్తే సరిపోయేట్టయితే పోస్టుమాను ఆ ఉత్తరాన్ని వీళ్ళ చేతిలో ఎందుకు పెట్టాడు. దేవుడికి తెలిసినా మా అమ్మమ్మ నడుం లోతు నీళ్ళలో ముంపు వరి కోసింది. దేవుడికి తెలిసినా నేను రిబ్బను దొంగనయ్యాను. ఉత్తరం తీసుకుని, చెప్పకుండా బయటికొచ్చేశాను.

అమ్మమ్మకి ముందుగా చెప్పలేదు. అందరి ముందూ వినాలని, అలా వింటేనే ఆవిడ కళ్ళు చల్లబడతాయని అనుకున్నాను. కొత్త పాస్టరుగారు కుర్రాడు, ఉత్తరం చూసి భయపడ్డాడు. మీరు చదవనివ్వకపోతే మూడు స్తంభాల సెంటర్లో నిలబడి చదువుతానన్నాను. ఒప్పుకున్నాడు. ఆ ఆదివారం బల్లకి ముందు నేనే మైకు పట్టుకుని చదివాను, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. చదివి, లాభం అంటే ఏమిటో కూడా చెప్పాను. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. పాస్టరుగారు లేచి, అమ్మమ్మని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి మొదటి రొట్టె ఆవిడకే ఇద్దామన్నాడు. ఆడవాళ్ళు పదిమంది బయటికి పరిగెత్తారు. కిటికీలోంచి చూశాను. నాపరాయి మీద ఎవరూ లేరు.

చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పోయాను. అమ్మమ్మ వంటింట్లో పీట మీద కూచుని చాటలో రొయ్యపొట్టు చెరుగుతోంది. స్పీకర్లో అంతా విందని ఆ చాట తిరిగే తీరులోనే తెలిసింది.

“విన్నావా అమ్మమ్మా? పన్నెండూ పెట్టెలోనే ఉన్నాయంట.”

“ఇందులో కొత్తేవుంది? నేను ఆ రోజే చెప్పాగా.”

“అది కాదు, ఇప్పుడు అందరికీ తెలిసింది. ఇందుకోసం నేను పదేళ్ళు...”

“పదేళ్ళు ఏం ఎతికావే నువ్వు?”

“ఆ పన్నెండోదాన్ని.”

అమ్మమ్మ చాట కింద పెట్టింది. అప్పుడు తిరిగింది నా వైపు.

“పన్నెండోది నా చేత్తోనే పెట్టెలో పెట్టానని నీకు చెప్పానా, లేదా?”

“చెప్పావు.”

“మరి బయట ఎతికావేం?”

అలమరలో రేకు డబ్బా నిండా చెంచాలున్నాయి. ఆవిడ మళ్ళీ చాట అందుకుంది, నేను గడప దగ్గరే నిలబడిపోయాను. మా అమ్మమ్మ మాట నమ్మనివాళ్ళు ఎవరెవరో నాకు కంఠతా వచ్చు. దొరసాని, ఆ నలుగురు పెద్దలు, రిబ్బను టీచరు, సగం బందరు, మిగతా సగం. చిన్నప్పటి నుంచీ పళ్ళు నూరుతూ వాళ్ళని లెక్కపెడుతూనే ఉన్నాను, దొరసాని లాగే మొదటిదాన్ని వదిలేసి, రెండు నుంచి.